మందుకు మొండికేసే క్యాన్సర్ కణం: నెల్లూరు, ప్రకాశం వైపు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి చెన్నై, వేలూరు, తిరుపతి, గుంటూరు తిరిగే ఇళ్లలో ఒకే రకం సందేహాలు మళ్లీ మళ్లీ వినపడుతుంటాయి. మొదట కరిగిన గడ్డ మళ్లీ ఎందుకు పెరిగింది, మందులో లోపమా, మనిషిలో లోపమా అని. జవాబు చాలావరకు కణం లోపలే ఉంది. కష్టం వచ్చినప్పుడు బతకడానికి ప్రతి కణానికీ కొన్ని ఏర్పాట్లు ఉంటాయి. వాటినే క్యాన్సర్ కణం మందు మీద వాడుకుంటుంది. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. మందు ఆపడం, మార్చడం మాత్రం మీకు వైద్యం చేస్తున్న డాక్టరు చెప్పాకే.

## అసలు సంగతి

కణానికి ఒత్తిడి అంటే ఏంది? మనసులో దిగులు పెట్టుకుంటే క్యాన్సర్ ముదురుతుందా?

ఇక్కడ ఒత్తిడి అంటే మనసుకు సంబంధించినది కాదు. కణానికి వేడి తగలడం, ఆక్సిజన్ అందకపోవడం, తిండి తగ్గడం, డీఎన్ఏ తెగడం, ప్రొటీన్లు సరిగా మడత పడకపోవడం, విషం లోపలికి రావడం, వీటిని కణ ఒత్తిడి అంటారు. కీమో, కరెంటు (రేడియేషన్‌ను మన వైపు అందరూ అనేది అదే) కూడా కణం లెక్కలో ఒత్తిళ్లే. "నువ్వు దిగులు పడబట్టే మందు పనిచేయలేదు" అని రోగిని అనడానికి ఏ ఆధారమూ లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి.

ఈ తెలివి క్యాన్సర్ కణానికి కొత్తగా వచ్చిందా?

కాదు. ఈస్టుకూ ఉంది, వరి మొక్కకూ ఉంది, మనకూ ఉంది. ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా పండ్లపై వాలే చిన్న ఈగల లార్వాల మీద పనిచేస్తుండగా ఇంక్యుబేటర్ వేడి అనుకోకుండా పెరిగింది. లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోముల మీద కొన్ని చోట్ల కొత్తగా ఉబ్బులు కనిపించాయి. వేడికి కొన్ని జన్యువులు నిమిషాల్లో మేల్కొన్నాయని అర్థం. ఆ సంగతి 1962లో అచ్చయింది. ఆ జన్యువులు తయారుచేసే వాటినే హీట్ షాక్ ప్రొటీన్లు అంటున్నాం. వేడికి చెదిరిన ప్రొటీన్లను పట్టుకుని మళ్లీ సరిగా మడతపెట్టడం వాటి పని.

మామూలు కణంలో కష్టం తీరగానే ఈ ఏర్పాటు ఆగిపోతుంది. క్యాన్సర్ కణంలో ఆగదు. దాని జన్యువుల్లో మార్పులు ఎక్కువ కాబట్టి అది తయారుచేసే ప్రొటీన్లలో చాలావరకు వంకర టింకరవే. హెచ్ఎస్‌పీ 90 వంటి హీట్ షాక్ ప్రొటీన్ల సాయం లేకపోతే అవి నిలబడవు. మామూలు కణంలోనే మొత్తం ప్రొటీన్లలో ఒకటి రెండు శాతం హెచ్ఎస్‌పీ 90 ఉంటుంది. క్యాన్సర్ కణం దాన్ని ఇంకా పెంచుకుని దాని మీదే ఆనుకుని బతుకుతుంది. అంటే బతుకు ఎప్పుడూ అంచు మీదే. దాన్ని చంపే అవకాశం కూడా ఆ అంచు దగ్గరే ఉంది.

రిపోర్టులో టీపీ53 మ్యుటేషన్ అని ఉంది. అదేంది?

డీఎన్ఏ తెగినప్పుడు "విభజన ఆపు, బాగుచేసుకో, బాగుకాకపోతే చచ్చిపో" అని కణానికి ఆజ్ఞ ఇచ్చే ప్రొటీన్ పి53. దాని జన్యువే టీపీ53. దీన్ని 1979లో కనుగొన్నారు. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఇది చెడి ఉంటుంది. చెడితే కీమో డీఎన్ఏను తెంపినా కణానికి చావమని చెప్పేవాళ్లుండరు. ఏనుగుకు ఈ జన్యువు 20 నకళ్లు ఉన్నాయి, మనకున్నది ఒక్కటే. అంత పెద్ద ఒళ్లున్నా ఏనుగుల్లో క్యాన్సర్ అరుదుగా ఉండటానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ మార్పు ఉన్నంత మాత్రాన వైద్యం దండగ అని కాదు. ఏ మందు ఎంచుకోవాలో డాక్టరుకు తెలియడానికి అదొక గుర్తు.

## కణం లోపల ఏం జరుగుతుంది

గడ్డ మధ్యలో గాలే ఆడదంటారు. మరి ఆ కణాలు చావకుండా ఎట్లా ఉంటాయి?

రొయ్యల గుంట పెట్టిన వాళ్లకు ఇది చెప్పడం తేలిక. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఏరేటర్లు తిరగకపోతే రొయ్య పైకి తేలుతుంది. ఏరేటరుకు దూరంగా, అడుగున ఉన్న రొయ్యకు కష్టం ముందొస్తుంది. గడ్డలో ఏరేటరు రక్తనాళం. నాళం నుంచి ఆక్సిజన్ 100 నుంచి 200 మైక్రాన్ల దూరమే పాకగలదు, అంటే ఒకటి రెండు తలవెంట్రుకల మందం. అది దాటితే చీకటే.

మన కణాల్లో హిఫ్ అనే ప్రొటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు దానికి ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తును వీహెచ్ఎల్ అనే ఇంకో ప్రొటీన్ పట్టుకుని నిమిషాల్లో దాన్ని నాశనానికి పంపేస్తుంది. ఆక్సిజన్ లేకపోతే గుర్తు పడదు, హిఫ్ మిగిలిపోతుంది. మిగిలింది కేంద్రకంలోకి పోయి కొత్త రక్తనాళాలను పిలిచే జన్యువులను, చక్కెరను గబగబా లాక్కునే జన్యువులను, ఆక్సిజన్ లేకుండానే శక్తి తీసే జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ పని విడమరచి చెప్పినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే ముగ్గురికి 2019 నోబెల్ వచ్చింది.

దీనివల్ల వైద్యానికి మూడు చిక్కులు. ఒకటి, నాళం దూరమైన చోటికి మందు కూడా సరిగా చేరదు. రెండు, గాలి ఆడని కణం విభజన తగ్గించుకుంటుంది, కీమో మందుల్లో ఎక్కువ భాగం విభజించే కణాన్నే కొడతాయి. మూడోది పెద్దది. కరెంటు దెబ్బ డీఎన్ఏ మీద నిలవాలంటే ఆక్సిజన్ ఉండాలి. లేని చోట అదే ఫలితానికి రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. పిలిపించుకున్న కొత్త నాళాలు కూడా సరిగా కట్టినవి కావు, కారుతుంటాయి, రక్తం కాసేపు పారి కాసేపు ఆగుతుంది. అందుకే గడ్డ ఎంత నాళాలు పెంచుకున్నా మధ్యలో ఆకలి తీరదు.

హిఫ్-2ను నేరుగా అడ్డుకునే బెల్జుటిఫాన్ అనే మాత్రకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, వీహెచ్ఎల్ జన్యువు పుట్టుకతోనే చెడినవాళ్ల కిడ్నీ గడ్డల వంటి వాటికి.

మైలోమాకు బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ పెడుతున్నారు. అది ఈ ఒత్తిడి మీదే పనిచేస్తుందా?

అవును, ఇంత చక్కని ఉదాహరణ ఇంకోటి దొరకదు. మైలోమా అంటే ఎముక మజ్జలో పుట్టే ఒక రక్త క్యాన్సర్. దాని కణం యాంటీబాడీలను (రోగాన్ని ఎదిరించే ప్రొటీన్లను) టన్నులకొద్దీ నేసే మగ్గం. సెకనుకు వేల సంఖ్యలో తయారుచేస్తుంది. నేసినవన్నీ సరిగా మడతపడవు. చెడినవాటిని ముక్కలు చేసే చెత్త యంత్రం పేరు ప్రొటియాసోమ్. బోర్టెజోమిబ్ ఆ యంత్రాన్ని మూసేస్తుంది, చెత్త పేరుకుంటుంది. కణంలో ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6 అని ముగ్గురు కాపలావాళ్లు ఉంటారు. చెత్త కొద్దిగా పేరుకుంటే వాళ్లు తయారీ తగ్గించి, మడతపెట్టేవాళ్లను పెంచి కణాన్ని కాపాడతారు. హద్దు దాటితే వాళ్లే చావు గంట కొడతారు. ఈ మందుకు అనుమతి 2003లో వచ్చింది. కాపలావాళ్ల సంగతి తేల్చిన పీటర్ వాల్టర్, కజుటోషి మోరిలకు 2014లో లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఎందుకు పనిచేయడం మానుతుందంటే, యాంటీబాడీలు పెద్దగా నేయని పసి కణాలు కొన్ని గుంపులో మిగులుతాయి. మగ్గమే ఆడకపోతే చెత్త ఎక్కడిది? వాటికి మందు తగలదు.

ఇంట్లో చూసుకోవాల్సింది ఒకటుంది. గ్రీన్ టీలో ఉండే ఒక పదార్థం, విటమిన్ సి కూడా, బోర్టెజోమిబ్‌ను పట్టుకుని పనిచేయనీయవని ప్రయోగశాలల్లో తేలింది. బలానికని గ్రీన్ టీ సారం మాత్రలు, విటమిన్ సి మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు. అరికాళ్లు, వేళ్లు తిమ్మిరెక్కితే ఓర్చుకోకుండా చెప్పండి, డోసు సర్దుతారు.

డీఎన్ఏ తెంపే మందులకు కణం ఎట్లా తప్పించుకుంటుంది?

తెగినదాన్ని అతికించుకుని. సిస్‌ప్లాటిన్ డీఎన్ఏ పోగులను అడ్డంగా కుట్టేస్తుంది. కొన్ని కణాలు ఆ కుట్టు విప్పే ఎంజైములు పెంచుకుంటాయి. ఇంకొన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం పెంచుకుని, సిస్‌ప్లాటిన్ డీఎన్ఏ దాకా చేరకముందే పట్టేస్తాయి. మెదడు గడ్డకు ఇచ్చే టెమోజోలమైడ్ పెట్టిన గుర్తును ఎంజీఎంటీ అనే ప్రొటీన్ చెరిపేస్తుంది. ఆ జన్యువు మూతపడి ఉన్నవాళ్లలో మందు బాగా పనిచేస్తుంది కాబట్టే ఎంజీఎంటీ పరీక్ష రాస్తారు.

బీఆర్‌సీఏ జన్యువు చెడిన రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు ఒక అతుకు దారి ముందే మూసుకుపోయి ఉంటుంది. ఒలాపరిబ్ అనే మాత్ర రెండో దారిని మూసేస్తుంది. రెండు దారులూ మూసుకుపోతే కణం చస్తుంది. దీనికి కూడా కణం ఎదురెత్తు వేస్తుంది. చెడిన బీఆర్‌సీఏ జన్యువులోనే ఇంకో మార్పు జరిగి అది మళ్లీ పనికొచ్చేలా తయారవుతుంది. ఒక తప్పును ఇంకో తప్పు సరిచేసినట్టు.

మందును బయటికి తోసే పంపు ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. పి-గ్లైకోప్రొటీన్ అనే ఈ పంపును జూలియానో, లింగ్ 1976లో బయటపెట్టారు. కణం పొరలో కూర్చుని డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ వంటివి లోపలికి వచ్చినవి వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. ఒక మందుకు మొండికేసిన కణం దానితో సంబంధం లేని మరో మందుకూ లొంగకపోవడానికి ఇదొక కారణం. పంపును ఆపే మందులు చాలా ప్రయత్నించారు, పెద్దగా లాభించలేదు. మన పేగుల్లో, మెదడు నాళాల్లో కూడా అదే పంపు కాపలా కాస్తుంది. దాన్ని ఆపితే కీమో విషం మంచి కణాల్లోనూ నిలిచిపోతుంది.

పంపు ఒక్కటే దారి కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చిన యాంటీ ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే) మందులతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాడు. ఆ కుటుంబంలోదే ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. అది డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమును కట్టేస్తుంది. దీనికి కొన్ని కణాలు ఆ జన్యువుకు నకళ్ల మీద నకళ్లు తీసుకుంటాయని 1978లో తేలింది. పది తాళాలకు సరిపడా తాళంచెవులు తెస్తే అది వంద తలుపులు పెట్టుకున్నట్టు.

## వైద్యం నడుస్తుండగా

కరెంటు పెట్టేటప్పుడు సంక్రాంతికి ఒక వారం ఇంటికి రావచ్చా?

రావద్దు. తల, మెడ గడ్డలకు మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు, 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రే (గ్రే అంటే కరెంటు డోసు కొలత) ఇస్తారు. గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు బయటి కరెంటు, లోపల పెట్టే బ్రాకీ రెండూ కలిపి ఎనిమిది వారాల్లోపు ముగించాలి. మొదటి మూడు నాలుగు వారాల దెబ్బకు మిగిలిన కణాలు ఊరుకోవు, మామూలుకంటే వేగంగా పిల్లలు పెట్టడం మొదలుపెడతాయి. ఆ దశలో విరామం ఇస్తే మనం కొట్టినదాన్ని అవి పూడ్చుకుంటాయి. ఆలస్యమైన ఒక్కో రోజుకు గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని లెక్క. వారం అంటే ఎంతో మీరే చూసుకోండి.

కరెంటు మిషన్ చెడిపోయో, నోరు పూసి తినలేకో రోజులు పోతే, ఆ సంగతి వెంటనే అడగండి. శనివారం పెట్టడమో, ఒకే రోజు రెండు సిట్టింగులు ఇవ్వడమో చేస్తారు. రెండింటి మధ్య కనీసం ఆరు గంటలు ఉంచుతారు. మంచి కణాలు తమ డీఎన్ఏ అతికించుకోవడానికి అంత సేపు పడుతుంది.

ఊరికి దూరమైతే రోజూ బస్సులో తిరగడం కంటే ఆసుపత్రి దగ్గర గది తీసుకోవడం మేలు. తిరిగి తిరిగి అలసిపోయి కూడా సిట్టింగులు మానేస్తుంటారు.

మా నాయన చుట్ట మానడం లేదు. రోగం వచ్చాక మానితే మాత్రం ఏం లాభం?

లాభం చాలా ఉంది, అదీ ఈ వారంలోనే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మన హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చుట్ట తాగి వెళ్లి కరెంటు బల్ల మీద పడుకుంటే గడ్డకు చేరాల్సిన ఆక్సిజన్ దారిలోనే తగ్గిపోతుంది, ఆ పూట సిట్టింగు బలం తగ్గుతుంది. కరెంటు నడిచినన్నాళ్లు పొగ తాగిన తల, మెడ రోగుల్లో ఫలితాలు తక్కువగా వచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్లోటినిబ్ మాత్ర వేసుకునేవాళ్లు పొగ తాగితే కాలేయం ఆ మందును త్వరగా కరిగించేసి రక్తంలో దాని మోతాదు సగం దాకా పడిపోతుంది. పొగాకు పండించే ఊళ్లలో ఈ మాట చెప్పడం కష్టమే. అయినా "ఇప్పుడింక దేనికి" అన్నది మాత్రం తప్పు.

హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉందని రక్తం ఎక్కిస్తామన్నారు. అవసరమా?

గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు కరెంటుతో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ ఇచ్చేటప్పుడు చాలా చోట్ల హిమోగ్లోబిన్ 10 దగ్గర ఉండేలా చూస్తారు. రక్తం పలచబడితే గడ్డ నడిమధ్యకు ఆక్సిజన్ ఇంకా తక్కువ చేరుతుంది. దానిమ్మ, బీట్‌రూట్ రసంతో వారంలో రెండు గ్రాములు పెరగవు.

క్యాన్సర్ మాత్రతో పాటు గ్యాస్ మాత్ర రోజూ వేసుకోవచ్చా?

మాత్ర పేరును బట్టి ఉంటుంది. ఇంత చిన్న విషయం దగ్గర ఇన్ని నెలల వైద్యం దెబ్బతినడం చూస్తే బాధ వేస్తుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, డాసాటినిబ్, పాజోపానిబ్ అనే క్యాన్సర్ మాత్రలు కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పొద్దున్నే పరగడుపున పాంటోప్రజోల్ వేసుకునే అలవాటు మన దగ్గర ఇంటింటా ఉంది. ఆమ్లం తగ్గితే మాత్ర సగం కరిగీ కరగక పోతుంది. రక్తంలో చేరిన తక్కువ మోతాదు కణాన్ని చంపదు, ఇబ్బంది పెడుతుందంతే. అలా ఇబ్బంది పడుతూ బతికిన కణాలే మొండివాటికి మూలం. ఇమాటినిబ్, ఒసిమెర్టినిబ్‌లకు ఈ గొడవ పెద్దగా లేదు.

మందుల షాపులో చెప్పి కొనే గ్యాస్ మాత్ర, సిరప్ అన్నీ డాక్టరుకు చూపండి. తప్పనిసరైతే ఏ వేళకు ఏది అని గంటలు రాయించుకోండి. పంపరపనస పండు కూడా చాలా క్యాన్సర్ మాత్రల మోతాదును రక్తంలో తారుమారు చేస్తుంది. మాత్రలు వాడినన్నాళ్లు దాన్ని పక్కన పెట్టండి.

మాత్ర ఒక రోజు మరిచిపోతే తర్వాత రోజు రెండు వేసుకోవాలా?

వద్దు. అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, తెల్లారితే ఆ రోజుది మాత్రమే వేసుకోండి. ఇమాటినిబ్‌ను అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే కడుపు తిప్పడం తగ్గుతుంది. ఈ మాత్రను నెలలో మూడు నాలుగు రోజులు వదిలేసినా, దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో రక్తం పూర్తిగా శుభ్రపడే అవకాశం బాగా తగ్గుతుంది. మాత్రలు అయిపోవడానికి పది రోజుల ముందే తదుపరి డబ్బా తెచ్చుకోండి.

కీమో తర్వాత జ్వరం వచ్చింది. వేడికి క్యాన్సర్ కణాలు చస్తాయి, మంచిదే అంటున్నారు.

ఆ మాట నమ్మి ఇంట్లో ఉంటే ప్రాణం మీదికొస్తుంది. కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. 101 డిగ్రీలు ఒక్కసారి చూపినా, 100.4 గంటసేపు నిలిచినా అది ఎమర్జెన్సీ, అర్ధరాత్రయినా బయలుదేరాలి. పారాసిటమాల్ మింగి జ్వరం దిగిందని కూర్చోవద్దు, ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని తెల్లారేదాకా ఆగవద్దు.

వేడితో వైద్యం అన్నది వేరుగా ఉంది. గడ్డ ఉన్న చోటును 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి కరెంటుతో కలిపి ఇస్తారు. అక్కడ కూడా వారానికి ఒకటి రెండుసార్లే. ఒకసారి వేడి తగిలిన కణం హీట్ షాక్ ప్రొటీన్లు పోగేసుకుని రెండు మూడు రోజులు వేడికి లొంగదు. అది దిగేదాకా ఆగాలి. మూడు రోజుల జ్వరం ఆ పని ఎందుకు చేయదో దీన్నిబట్టే తెలుస్తుంది.

## మందు పనిచేయడం మానేసినప్పుడు

గడ్డ పూర్తిగా కరిగిందన్నారు. మళ్లీ ఎక్కడినుంచి వచ్చింది?

ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు వంద కోట్ల కణాలు ఉంటాయి. మందు 99.9 శాతాన్ని చంపిందనుకుందాం, ఇంకా పది లక్షలు మిగిలాయి. అంత చిన్నవి స్కానింగులో కనపడవు. మిగిలినవి రెండు రకాలు. కొన్నింటిలో మందు తగలకుండా చేసే జన్యు మార్పు మొదటి నుంచే ఉంటుంది. చుట్టూ ఉన్నవి చచ్చాక వాటికి చోటు దొరుకుతుంది. రెండో రకానికి జన్యు మార్పేమీ ఉండదు. మందు వచ్చినప్పుడు విభజన ఆపి, తిండి తగ్గించి, ఒత్తిడి ఏర్పాట్లన్నీ తెరిచి నక్కుతాయి. ఎండ పోయేదాకా మట్టిలో దాగిన కప్పలాగా. మందు ఆపితే మళ్లీ మామూలవుతాయి, మళ్లీ ఇస్తే లొంగుతాయి కూడా. ఇట్లాంటివాటిని మందుకు ఓర్చుకునే కణాలుగా 2010లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో వివరించారు. ప్రమాదమంతా ఆ నక్కిన రోజుల్లోనే. ఎక్కువ కాలం బతికితే వాటిలో కొన్నింటికి నిజమైన జన్యు మార్పు వచ్చే వ్యవధి దొరుకుతుంది.

అట్లయితే డోసు రెండింతలు చేస్తే పోదా?

కీమోకు మామూలు డోసుకూ, ఎముక మజ్జ తట్టుకోలేని డోసుకూ మధ్య తేడా తక్కువ. కణం పంపు తిప్పుతుంటేనో, మందు అతుక్కునే చోటే మారిపోతేనో రెండింతలు ఇచ్చినా రోగికి విషం పెరుగుతుందే తప్ప గడ్డకు కాదు. దెబ్బ తగిలే చోటు మార్చాలి.

ఒకసారి ముక్క పరీక్ష (బయాప్సీ) చేశారు కదా, మళ్లీ ఎందుకు?

పెరిగిన గడ్డ పాత గడ్డ కాదు కాబట్టి. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ జెఫిటినిబ్‌కు లొంగి, ఏడాది అటూఇటుగా మళ్లీ పెరిగితే, సుమారు సగం మందిలో టీ790ఎం అనే కొత్త మార్పు కనపడుతుంది. దానికి ఒసిమెర్టినిబ్ ఉంది. కొద్దిమందిలో గడ్డ జాతే మారి స్మాల్ సెల్ అనే వేరే రకం క్యాన్సర్ అవుతుంది, దానికి మందు పూర్తిగా వేరు. రక్తంలో తేలే డీఎన్ఏ పరీక్ష తేలికే, కానీ జాతి మారిందా అన్నది ముక్క చూస్తేనే తెలుస్తుంది. రక్త పరీక్షలో ఏమీ లేదని వస్తే మార్పు లేదని కాదు, రక్తంలోకి సరిపడా డీఎన్ఏ రాలలేదని కూడా కావచ్చు.

ఈ ఒత్తిడి ఏర్పాట్లనే ఆపే మందులు లేవా?

ఉన్నాయి, అనుకున్నంత తేలిక కాలేదు. హెచ్ఎస్‌పీ 90ను ఆపితే కణం అదే ఒక పెద్ద ఒత్తిడి అనుకుని హెచ్ఎస్ఎఫ్1 అనే మీటను నొక్కుతుంది, హెచ్ఎస్‌పీ 70 వరదలా వస్తుంది. ఒక కాపలావాణ్ణి తీసేస్తే పక్కవాడు వచ్చి నిలబడ్డట్టు. ఇరవై ఏళ్లకు పైగా ప్రయత్నించాక పిమిటెస్పిబ్ అనే ఒక్కదానికి 2022లో జపాన్‌లో అనుమతి వచ్చింది, జీఐఎస్‌టీ అనే కడుపు, పేగుల గడ్డకు. తనలోని చెత్తను తానే తిని బతికే ఆటోఫేజీని ఆపడానికి హైడ్రాక్సీ క్లోరోక్విన్‌ను పరీక్షల్లో వాడి చూశారు, అది మామూలు వైద్యంలోకి రాలేదు. కీళ్ల వాతానికి ఇచ్చే మాత్రే కదా అని సొంతంగా వేసుకుంటే గుండె లయ, కంటి రెటీనా దెబ్బతినవచ్చు.

## ఇంట్లో, ఫోన్లో తిరిగే మాటలు

ఉపవాసం ఉంటే కణాలు తమను తామే తిని క్యాన్సర్ పోతుందని నోబెల్ ఇచ్చారంట?

ఆటోఫేజీ ఎట్లా జరుగుతుందో ఈస్టు కణాల్లో చూపినందుకు జపాన్ శాస్త్రవేత్త ఓసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు. ఉపవాసం క్యాన్సర్ తగ్గిస్తుందని కాదు. పెరిగిన గడ్డలో ఆటోఫేజీ చాలాసార్లు క్యాన్సర్ కణానికే సాయం, ఆకలి రోజులు గట్టెక్కడానికి. తిండి మాడ్చడం ఎంత కష్టమో రక్త క్యాన్సర్ మందు ఆస్పారజినేజ్‌లో చూడొచ్చు. రక్తంలో ఆస్పారజిన్ అనే ఒకే ఒక అమైనో ఆమ్లాన్ని అది తుడిచేస్తుంది. దానికీ కొన్ని కణాలు ఏటీఎఫ్4 అనే ఒత్తిడి మీట నొక్కి ఆస్పారజిన్‌ను సొంతంగా తయారుచేసుకుంటాయి. ఇంజెక్షనుకే ఇట్లా ఎదురు తిరిగేదాన్ని మన ఏకాదశి ఏం చేస్తుంది? బరువు తగ్గుతున్న రోగి పస్తుంటే కీమో డోసు తగ్గించాల్సి వస్తుంది, నష్టం అక్కడే.

వంటసోడా నీళ్లు తాగితే క్యాన్సర్ బతకదంటున్నారు.

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యనే ఉండేలా ఊపిరితిత్తులు, కిడ్నీలు పట్టుకుని ఉంటాయి. గడ్డ చుట్టూ ఆమ్లం ఉన్న మాట నిజం, అది గడ్డ వదిలిన లాక్టిక్ ఆమ్లమే. మనం తాగిన సోడా అక్కడికి పోయి సరిచేయదు. ఎక్కువ తాగితే పొటాషియం పడిపోతుంది, ఒంట్లో ఉప్పు పెరుగుతుంది. వార్‌బర్గ్‌కు దీనికే నోబెల్ వచ్చిందని తిరిగే మెసేజీ కూడా తప్పు. 1931లో ఆ జర్మనీ శాస్త్రవేత్తకు ఇచ్చింది శ్వాస ఎంజైమును కనుగొన్నందుకు.

పసుపు, విటమిన్ మాత్రలు మంచివే కదా?

చేపల పులుసులో వేసే పసుపుతో ఏ గొడవా లేదు. డబ్బాల్లో వచ్చే కర్కుమిన్ మాత్రలు వేరు, కొందరిలో కాలేయం వాచింది, రక్తం పలచన చేసే మందులతో పేచీ ఉంది. ఇక యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సంగతి. కీమో, కరెంటు చాలావరకు కణంలో ఆక్సీకరణ దెబ్బ ద్వారానే చంపుతాయి. క్యాన్సర్ కణం ఎన్ఆర్ఎఫ్2 అనే మీటతో సొంత యాంటీ ఆక్సిడెంట్లు తయారుచేసుకుని దాన్నుంచే తప్పించుకుంటుంది. మాత్రలు ఇస్తే ఆ పనికి మనం చేయందించినట్టు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగ తాగే మగవాళ్ల మీద జరిపిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చిందని 1994లో తేలింది. పండ్లు, కూరలు తినండి. మాత్రలు రక్త పరీక్షలో లోటు కనపడితేనే.

## వైద్యం ముగిశాక, ఆసుపత్రి మారేటప్పుడు

ఐదేళ్లు దాటితే ఇంక భయం లేనట్టేనా?

గడ్డ రకాన్ని బట్టి. హార్మోన్‌కు స్పందించే రొమ్ము క్యాన్సర్ ఇరవై ఏళ్ల దాకా కూడా తిరిగి రావచ్చు. ఎముక మజ్జలో నిద్రపోయే కణాలు ఏళ్ల తరబడి ఒత్తిడి ఏర్పాట్ల మీదే బతుకుతాయి. హార్మోన్ పనిని అడ్డుకునే టామోక్సిఫెన్ వంటి మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు రాసేది అందుకే. గడ్డ లేదు కదా అని గడువు నిండకముందే మాత్ర మానేసేవాళ్లున్నారు.

చెన్నైకి మారుతున్నాం. ఫైలు చాలదా, బ్లాకు కూడా తెమ్మంటున్నారు?

బ్లాకు అంటే మీ గడ్డ ముక్కను మైనంలో పోసి దాచిన చిన్న బిళ్ల. కొత్త పరీక్షలు, జన్యు మార్పులు చూడాలంటే అదే కావాలి, రిపోర్టు కాగితం పనికిరాదు. ముక్క తీసిన చోట ల్యాబులో రాతపూర్వకంగా అడిగి, నంబరు సరిపోల్చుకుని, స్లైడ్లు కూడా తీసుకోండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మైనం కరుగుతుంది, బ్యాగులో నీడన ఉంచండి.

కొత్తగా ముక్క తీయించుకుంటుంటే ఒక్క మాట అడగండి: ఫార్మలిన్ డబ్బా సిద్ధంగా ఉందా అని. ముక్క ఒంట్లోంచి బయటికి రాగానే రక్తం ఆగి, ఆ కణాల్లో కూడా ఒత్తిడి స్పందన మొదలై ప్రొటీన్ల గుర్తులు మారిపోతుంటాయి. రొమ్ము ముక్క అయితే గంటలోపు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలి. సెలైన్ నీళ్ల సీసాలో వేసి మరుసటి రోజు బస్సులో పంపిన ముక్కకు ఉన్న హార్మోన్ గుర్తు కూడా లేదని రావచ్చు. అప్పుడు పనికొచ్చే మాత్రే రాయకుండా పోతారు.